కాపర్ టీకి ముందు వెండి రింగ్.. నాజీల జైలు పాలైన డాక్టర్ గ్రేఫెన్‌బర్గ్ కథ ఇదీ!

కాపర్ టీ పేరు విననివాళ్లు తక్కువే. ఒక బిడ్డ పుట్టాక గవర్నమెంట్ ఆస్పత్రికి వెళ్తే నర్సు చెప్పే సలహాల్లో ఇదొకటి. అదే ఇంకా పిల్లలు పుట్టని అమ్మాయి వెళ్లి అడిగితే మాత్రం చాలాచోట్ల ఇది నీకు కాదమ్మా అని పంపించేస్తారు. లోపల పెట్టించుకుంటే ఇక పిల్లలే పుట్టరని ఇంట్లో పెద్దవాళ్లు కూడా భయపెడతారు. ఇంతకీ ఈ భయం ఎక్కడ మొదలైంది? గర్భసంచిలో చిన్న వస్తువు పెట్టి గర్భం రాకుండా ఆపొచ్చని లెక్కలతో సహా చూపించింది ఎవరు? ఈ రెండూ తెలియాలంటే దాదాపు వందేళ్లు వెనక్కి, జర్మనీ రాజధాని బెర్లిన్‌కు వెళ్లాలి.

ఆ డాక్టర్ పేరు ఎర్న్‌స్ట్ గ్రేఫెన్‌బర్గ్. ఆయన పేరులోని మొదటి ఇంగ్లిష్ అక్షరం ప్రపంచమంతా తెలుసు. ఆడవాళ్ల శరీరం గురించి మాట్లాడేటప్పుడు వినిపించే జీ స్పాట్‌లో ఉన్న జీ అదే. ఆయన చనిపోయి చాలా ఏళ్లయ్యాక, 1980ల మొదట్లో వేరే పరిశోధకులు పెట్టిన పేరది. కానీ ఆయన జీవితంలో ఎక్కువ కాలం పట్టింది, ఎక్కువ తిట్లు తెచ్చిపెట్టింది మాత్రం ఓ చిన్న వెండి రింగ్. ఇప్పుడు కోట్లాది మంది ఆడవాళ్లు వాడుతున్న కాపర్ టీకి అది ముందు తరం.

కంటి డాక్టర్ కావాల్సినవాడు..

గ్రేఫెన్‌బర్గ్ 1881 సెప్టెంబర్ 26న జర్మనీలోని గోటింగెన్ దగ్గర అడెలెబ్సెన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. వాళ్లది యూదు కుటుంబం. గోటింగెన్‌లో, మ్యూనిక్‌లో మెడిసిన్ చదివి 1905లో డాక్టరేట్ తీసుకున్నారు. మొదట వూర్జ్‌బర్గ్ యూనివర్సిటీలో కంటి వైద్యంలో చేరారు. తర్వాత మనసు మార్చుకుని కీల్ నగరానికి వెళ్లి కాన్పులు, స్త్రీ వైద్యం వైపు తిరిగారు. ఫలదీకరణ జరిగిన అండం గర్భసంచి గోడకు ఎలా అతుక్కుంటుందో అక్కడే లోతుగా చదివారు. క్యాన్సర్ శరీరంలో ఎలా పాకుతుందనే విషయం మీద కూడా పేపర్లు రాశారు.

1910లో బెర్లిన్‌లో ప్రాక్టీస్ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో డాక్టర్‌గా పనిచేశారు. ఆ రోజుల్లో కూడా పరిశోధన ఆపలేదు. నెలసరి చక్రంలో యోని స్రావాల ఆమ్లత్వం ఎలా మారుతుందో 1918లో రాశారు. అండం విడుదలయ్యే సమయాన్ని పట్టుకోవడానికి జరిగిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

1920ల నాటికి ఆయన బెర్లిన్‌లో బాగా పేరున్న స్త్రీ వైద్యుల్లో ఒకరు. నగరంలో ఖరీదైన వీధి కుర్ఫుర్‌స్టెండామ్‌లో క్లినిక్. పెద్దింటి ఆడవాళ్లు అక్కడికే వచ్చేవాళ్లు. ఇంకోపక్క కార్మికులు ఎక్కువగా ఉండే బ్రిట్జ్ ప్రాంతంలోని మున్సిపల్ ఆస్పత్రిలో స్త్రీ వైద్య విభాగానికి పెద్ద కూడా ఆయనే. ఒకే డాక్టర్.. డబ్బున్నవాళ్ల కష్టం, లేనివాళ్ల కష్టం రెండూ చూశారు.

అప్పట్లో ఆడవాళ్ల పరిస్థితి ఏంటంటే..

జర్మన్ శిక్షాస్మృతిలో 218వ సెక్షన్ కింద అబార్షన్ నేరం. యుద్ధంలో ఓడిన దేశం, ధరల మంట, ఉద్యోగాల్లేవు. ఇంకో బిడ్డను సాకే స్థోమత లేని ఆడవాళ్లు దొంగచాటుగా అబార్షన్లు చేయించుకునేవాళ్లు. అవి వికటించి, రక్తం పోయి, ఇన్ఫెక్షన్ పాకి ఆస్పత్రికి వచ్చేవాళ్లు. కొందరు బతికేవాళ్లు, కొందరు పోయేవాళ్లు. యాంటీబయాటిక్స్ ఇంకా రాని కాలం అది.

గర్భం రాకుండా చూసుకునే పద్ధతులు అసలు లేవని కాదు. కండోమ్‌లు ఉన్నాయి. గర్భాశయ ముఖద్వారాన్ని మూసే రబ్బరు మూతలూ ఉన్నాయి. అయితే కండోమ్ వాడటం భర్త చేతిలో ఉంటుంది. రబ్బరు మూత సంగతికొస్తే ప్రతిసారీ గుర్తుపెట్టుకుని పెట్టుకోవాలి, కడగాలి, దాచుకోవాలి. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే కార్మికుల ఇళ్లలో అది అయ్యే పని కాదు. ఒక్కసారి పెడితే చాలు, రోజూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు అనే సాధనం కావాలి. గ్రేఫెన్‌బర్గ్ రింగ్ సరిగ్గా ఆ ఖాళీని పూరించింది.

పట్టు దారం నుంచి వెండి తీగ దాకా..

ఈ ఆలోచన మొట్టమొదట ఆయనకే వచ్చిందా అంటే కాదు. 1909లోనే రిచర్డ్ రిక్టర్ అనే జర్మన్ డాక్టర్ పట్టుపురుగు నుంచి తీసిన గట్టి దారాన్ని రింగ్‌లా చుట్టి గర్భసంచిలో పెట్టడం గురించి రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1920ల్లో కార్ల్ పుస్ట్ అనే ఇంకో డాక్టర్ అదే దారం రింగ్‌కు తోకలాంటి దారం, కింద గాజు బిళ్ల తగిలించి వాడారు.

గ్రేఫెన్‌బర్గ్‌కు ఆ తోక నచ్చలేదు. గర్భసంచి లోపలి నుంచి బయటి దాకా వేలాడే దారం పట్టుకుని సూక్ష్మజీవులు పైకి ఎక్కుతాయన్నది ఆయన అనుమానం. అందుకే తోక తీసేశారు. మొదట పట్టుదారాన్ని వెండి తీగతో కట్టి నక్షత్రంలా, రింగ్‌లా చేసి చూశారు. తర్వాత పూర్తిగా వెండి తీగనే స్ప్రింగ్‌లా సన్నగా చుట్టి గుండ్రటి రింగ్ చేశారు. వెండి రింగ్ మెత్తగా వంగుతుంది. లోపల ఎక్కడుందో ఎక్స్‌రేలో కనిపిస్తుంది కూడా.

ఆయన్ను మిగతావాళ్ల నుంచి వేరు చేసింది ఇంకోటి ఉంది. లెక్క రాసి పెట్టడం. ఎంతమందికి పెట్టారు, ఎంతమందికి గర్భం వచ్చింది అన్న వివరాలు దాచలేదు. 1929లో లండన్‌లో జరిగిన లైంగిక సంస్కరణల మహాసభలోనూ, 1930లో జ్యూరిచ్‌లో జరిగిన గర్భనిరోధక మహాసభలోనూ తన ఫలితాలు చెప్పారు. పట్టుదారం రింగులు పెట్టుకున్న దాదాపు 1,100 మందిలో గర్భం వచ్చింది సుమారు 3 శాతం మందికే. వెండి రింగ్ పెట్టుకున్న 453 మందిలో అది 1.6 శాతానికి తగ్గింది. ఆ రోజుల్లో ఇంత తక్కువ వైఫల్యం చూపించిన పద్ధతులు అరుదు. గర్భసంచిలో పెట్టే సాధనాల చరిత్రలో చెప్పుకోదగ్గ రికార్డులు దొరికేది ఇక్కడి నుంచే.

ఒక జాగ్రత్త కూడా ఆయన గట్టిగానే చెప్పారు. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి, ముఖ్యంగా గనేరియా ఉన్నవాళ్లకు రింగ్ పెట్టకూడదని. ముందు పరీక్ష చేయాలి, ఆ తర్వాతే రింగ్. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత నలభై ఏళ్లకు జరిగిన గొడవంతా దీని చుట్టూనే తిరిగింది.

ఆయనకే తెలియని రహస్యం..

పట్టుదారం కన్నా వెండి బాగా పనిచేయడానికి కారణం ఏంటో అప్పుడు ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ల తర్వాత ఆ వెండి తీగను పరీక్షిస్తే అందులో దాదాపు 26 శాతం రాగి కలిసి ఉందని తేలింది. అంటే గ్రేఫెన్‌బర్గ్ తనకు తెలియకుండానే రాగి వాడారన్నమాట! రాగి నుంచి మెల్లగా విడుదలయ్యే అయాన్లు వీర్యకణాలను దెబ్బతీసి, అవి అండాన్ని చేరకుండా చేస్తాయి. కాపర్ టీ పనిచేసేది ముఖ్యంగా ఇలాగే.

తిట్టిపోసిన తోటి డాక్టర్లు

రింగ్‌కు పేరొచ్చింది. కాపీలూ వచ్చాయి. పరీక్ష చేయకుండా, శుభ్రత పాటించకుండా పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇన్ఫెక్షన్లు వచ్చినట్టు, రక్తస్రావాలు అయినట్టు వైద్య పత్రికల్లో రావడం మొదలైంది. 1930ల మొదట్లోనే జర్మనీలోని పెద్ద పెద్ద స్త్రీ వైద్యులు రింగ్‌కు ఎదురు తిరిగారు. గర్భసంచిలో బయటి వస్తువు పెట్టడమే తప్పన్నారు. పెన్సిలిన్ ఇంకా వాడకంలోకి రాని కాలం కాబట్టి ఇన్ఫెక్షన్ అంటే ప్రాణాల మీదికి వచ్చినట్టే. వాళ్ల భయంలో అర్థం లేకపోలేదు. కాకపోతే జాగ్రత్తగా పరీక్షించి పెట్టిన రింగ్‌నూ, ఎవరు పడితే వాళ్లు పెట్టిన రింగ్‌నూ ఒకే గాటన కట్టేశారు.

ఇదే సమయంలో జపాన్‌లో తెన్రేయి ఓటా అనే డాక్టర్ 1934లో బంగారు పూత వేసిన రింగ్ తయారుచేశారు. జనాభా పెరగాలనుకున్న అక్కడి ప్రభుత్వం 1936లో దాన్ని నిషేధించింది. మొత్తానికి రెండు దేశాల్లోనూ ఆడవాళ్లకు అందుబాటులోకి వచ్చిన సాధనం వచ్చినట్టే వచ్చి చేజారిపోయింది.

పెద్దవాళ్ల భార్యలు కాపాడతారనుకుంటే..

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదుడు కావడంతో గ్రేఫెన్‌బర్గ్ బ్రిట్జ్ ఆస్పత్రి ఉద్యోగం పోయింది. పైగా ఆయన పని గర్భనిరోధం. జర్మన్ స్త్రీలు ఎంతమందిని కంటే అంత మంచిదనే నాజీలకు అది అసలు గిట్టని వ్యవహారం.

చాలామంది యూదు డాక్టర్లు దేశం వదిలి వెళ్లిపోతున్నారు. ఆయన స్నేహితుడు, గర్భనిరోధక ఉద్యమంలో పనిచేసిన డాక్టర్ హాన్స్ లేఫెల్ట్ 1934లో నచ్చజెప్పి చూశారు. ఇక్కడ ఉండొద్దు, వెళ్లిపోదామన్నారు. గ్రేఫెన్‌బర్గ్ వినలేదు. తన క్లినిక్‌కు వచ్చే పేషెంట్లలో నాజీ పెద్దల భార్యలు ఉన్నారు, తన జోలికి ఎవరూ రారన్నది ఆయన ధీమా.

ఆ ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. 1937లో అరెస్ట్ చేశారు. విలువైన ఒక పోస్టల్ స్టాంపును దేశం దాటించారన్నది అభియోగం. బెర్లిన్‌లో పేరున్న డాక్టర్ జైలు పాలయ్యారు. వైద్యం చేయించుకున్న ఏ పెద్దింటి పరిచయమూ ఆయన్ను అరెస్ట్ నుంచి కాపాడలేదు.

ఆదుకున్నది సముద్రం అవతలి మనిషి. అమెరికాలో గర్భనిరోధక ఉద్యమాన్ని నడిపిన మార్గరెట్ శాంగర్. ఈమె మన దేశానికీ తెలిసిన మనిషే. 1935 చివర్లో వార్ధా వచ్చి గాంధీజీతో ఇదే విషయం మీద చర్చించారు. గాంధీజీ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. గ్రేఫెన్‌బర్గ్ విడుదల కోసం శాంగర్ డబ్బు సమకూర్చి ప్రయత్నాలు చేశారు. చివరికి 1940లో ఆయన జర్మనీ దాటగలిగారు. అప్పటికి యూరప్‌లో యుద్ధం మొదలైపోయింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఏం జరిగేదో చెప్పనక్కర్లేదు.

న్యూయార్క్‌లో మిగిలిన జీవితం

అమెరికాలో మొదట కాలిఫోర్నియా, తర్వాత న్యూయార్క్. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న వయసులో మళ్లీ మొదటి నుంచి ప్రాక్టీస్ పెట్టుకున్నారు. శాంగర్ పేరుతో నడిచే పరిశోధన కేంద్రంలో కూడా పనిచేశారు. 1950లో ఆడవాళ్ల లైంగిక సుఖం గురించి ఒక వ్యాసం రాశారు. ఆయన పేరు జీ అక్షరంగా మిగిలిపోవడానికి కారణం ఆ వ్యాసమే.

రింగ్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అమెరికన్ డాక్టర్లలో ఎక్కువమందికి దాని మీద నమ్మకం లేదు. జర్మన్ పెద్దల తీర్పునే పాఠ్యపుస్తకాలు మోసుకొచ్చాయి. 1957 అక్టోబర్ 28న గ్రేఫెన్‌బర్గ్ న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి వైద్య ప్రపంచం దృష్టిలో ఆయన రింగ్ ఒక విఫల ప్రయోగం.

చనిపోయిన రెండేళ్లకే..

1959లో రెండు వైద్య పత్రాలు వచ్చాయి. ఒకటి ఇజ్రాయెల్ నుంచి డాక్టర్ ఓపెన్‌హైమర్ రాసింది, రెండోది జపాన్ నుంచి డాక్టర్ ఇషిహామా రాసింది. ఎవరూ పట్టించుకోని ఆ ఏళ్లలో కూడా ఇలాంటి రింగులు పెట్టి, ఆడవాళ్లను గమనిస్తూ వచ్చిన అనుభవం వాటిలో ఉంది. భయపడినంత ప్రమాదం లేదు, పనితీరు బాగుందని తేలింది. 1962లో న్యూయార్క్‌లో ఈ సాధనాల మీద మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. అమెరికన్ డాక్టర్ జాక్ లిప్పీస్ ప్లాస్టిక్‌తో లూప్ చేశారు. 1965లో భారత ప్రభుత్వం దాన్నే కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి తెచ్చింది. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ లూప్ వేయించుకోవడం అనే మాట వాడేది అందుకే. ఆ తర్వాత అమెరికాకు చెందిన హోవార్డ్ టాటమ్ టీ ఆకారాన్ని, చిలీకి చెందిన జేమీ జిపర్ రాగి ప్రభావాన్ని ముందుకు తెచ్చారు. రెండూ కలిసి కాపర్ టీ అయింది.

మరి పిల్లలు పుట్టరనే భయం ఎక్కడిది?

1971లో అమెరికా మార్కెట్లోకి డాల్కన్ షీల్డ్ అనే సాధనం వచ్చింది. పిల్లలు పుట్టని యువతులకు కూడా సరిపోతుందని బాగా ప్రచారం చేశారు. దాని తోక ఒకే దారం కాదు. సన్నటి పోగులెన్నో కలిపి ఒక తొడుగులో పెట్టిన తాడు. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు ఆ పోగులు సూక్ష్మజీవులను గర్భసంచిలోకి లాగాయి. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, మరణాలు, వేల కొద్దీ కోర్టు కేసులు. 1974లో అమ్మకం ఆపేశారు. గ్రేఫెన్‌బర్గ్ అప్పుడెప్పుడో తోకను ఎందుకు తీసేశారో ఈ ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

తప్పు ఒక డిజైన్‌ది. శిక్ష మాత్రం అన్నిటికీ పడింది. 1980ల మధ్య నాటికి అమెరికాలో దాదాపు అన్ని రకాలూ మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. పిల్లలు లేని అమ్మాయికి ఇలాంటిది పెట్టొద్దనే మాట ఆ భయంతోనే గట్టిపడి, దేశాలు దాటి డాక్టర్ల నోట పాతుకుపోయింది.

తర్వాత జరిగిన పరిశోధనలు వేరే సంగతి చెప్పాయి. 2001లో మెక్సికోలో, అంతకుముందు ఎప్పుడూ గర్భం రాని ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. కాపర్ టీ లాంటివి వాడటానికీ, ట్యూబులు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవడానికీ సంబంధం కనపడలేదు. క్లమీడియా అనే ఇన్ఫెక్షన్ సోకినవాళ్లలోనే ఆ సంబంధం కనిపించింది. అంటే ముందు ఇన్ఫెక్షన్ ఉందో లేదో చూడమని గ్రేఫెన్‌బర్గ్ చెప్పిందే మళ్లీ రుజువైంది. ఇప్పుడు వాడే తోక ఒకే పోగు దారం కాబట్టి డాల్కన్ షీల్డ్ సమస్య దీనికి లేదు.

యువతులు తెలుసుకోవాల్సింది ఏంటంటే..

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 20 ఏళ్లు దాటినవాళ్లు వయసు గురించి ఆలోచించకుండా దీన్ని వాడొచ్చు. 20 లోపువాళ్లు, పిల్లలు పుట్టనివాళ్లు కూడా సాధారణంగా వాడొచ్చు. కాకపోతే వీళ్లలో అది జారి బయటికి వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. కాపర్ టీ 380ఏ పదేళ్ల దాకా పనిచేస్తుంది. మొదటి ఏడాదిలో వాడిన వందమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదని లెక్క. తీసేయించుకుంటే మళ్లీ గర్భం వచ్చే అవకాశం మామూలుగానే ఉంటుంది. మన గవర్నమెంట్ ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తారు.

ఇబ్బందులూ ఉన్నాయి. పెట్టేటప్పుడు నొప్పి ఉంటుంది. మొదటి కొన్ని నెలలు నెలసరిలో రక్తం ఎక్కువ పోవచ్చు, కడుపునొప్పి పెరగొచ్చు. రక్తహీనత ఉన్నవాళ్లు ఇది ముందే డాక్టర్‌కు చెప్పాలి. హార్మోన్ ఉన్న రకాల్లో రక్తస్రావం సాధారణంగా తగ్గుతుంది. పెట్టించుకున్న మొదటి మూడు వారాల్లో ఇన్ఫెక్షన్ రిస్క్ కొంచెం ఎక్కువ. జ్వరం, తీవ్రమైన నొప్పి, దుర్వాసన ఉన్న స్రావం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. హెచ్ఐవీ లాంటి సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు. వాటికి కండోమ్ వాడాల్సిందే.

తెలుగు రాష్ట్రాల పరిస్థితి చూస్తే ఈ కథ మనకెందుకో తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ మీదే ఆధారపడుతున్నారు. దేశం మొత్తం మీద కాపర్ టీ లాంటివి వాడేది వందలో ఇద్దరే. పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. పెళ్లికీ మొదటి బిడ్డకూ మధ్య కొన్నేళ్లు ఆగాలన్నా, ఇద్దరు పిల్లల మధ్య ఎడం కావాలన్నా వాళ్లకు ఎవరూ ఒక తాత్కాలిక మార్గం చూపించలేదు. ఆపరేషన్ అయ్యాక మనసు మారితే వెనక్కి రావడం కష్టం. కాపర్ టీ అయితే తీసేయించుకోవచ్చు.

అందరికీ కాపర్ టీయే మంచిదని కాదు. ఎవరికి ఏది సరిపోతుందో పరీక్ష చేసి డాక్టరే చెప్పాలి. కానీ పిల్లలు పుట్టలేదు, వయసు చిన్నది అనే ఒక్క కారణంతో వద్దంటే, ఎందుకని అడిగే హక్కు ఆ అమ్మాయికి ఉంది. బ్రిట్జ్ ఆస్పత్రిలో ఆ డాక్టర్ రింగ్ పెట్టే ముందు చూసింది ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉందా లేదా అని. ఇప్పుడు మన ఆస్పత్రుల్లో అమ్మాయిలు కోరాల్సింది కూడా ఆ పరీక్షే.